పేరయ్యకి కుదరని సంబంధం

నాకు వినయం ఎక్కువ. కొత్తవాళ్ళెవరు పరిచయమైనా నేను ఇంటర్మీడియట్ తప్పినవాణ్ణని ముందే చెప్పేస్తాను. చెప్పి, కాసేపు రబ్బరు గురించి మాట్లాడతాను. అప్పుడు వాళ్ళు, "అరే, మరి ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారండీ?" అంటారు. మామూలుగా ఇందుకు ఐదు నిమిషాలు పడుతుంది. ఆ ఐదు నిమిషాలూ ఓపిగ్గా కూర్చోవాలి. వినయం అంటే అదే.

ఆ ప్రశ్న అడగని మనిషి నాకు ఒక్కడే తగిలాడు. పని నేర్చుకున్నది ఆయన దగ్గరే. నేర్చుకున్నానని ఆటోనగర్‌లో అందరూ అంటారు.

గురుశిష్యుల కథల్లో గురువు సన్యాసి అయి ఉంటాడు. మా గురువూ సన్యాసే. సన్యాసయ్య మేస్త్రి. ఇంటి దగ్గర భార్య, నలుగురు కూతుళ్ళు, ఒక గేదె. విశాఖపట్నం ఆటోనగర్‌లో విశ్వేశ్వరం గారి రబ్బరు ఫ్యాక్టరీలో మిల్లు మీద ముప్ఫై నాలుగేళ్ళ నుంచీ ఉన్నాడు. మిల్లంటే రెండు ఇనప రోలర్లు. ఎదురెదురుగా తిరుగుతుంటాయి. మధ్య వేలెడు సందు. ముడిరబ్బరూ, నల్లపొడీ, నూనే ఆ సందులో పడేసి కలపాలి. వేలెడు సందని ఊరికే అనలేదు. ఆయన ఎడమచేతి వేళ్ళు రెండు ఎప్పుడో అందులో పోయాయి.

మొదటిరోజే ఆయనకీ చెప్పాను. "మేస్త్రి గారూ, నేను ఇంటర్ తప్పానండీ."

"అలగా. నాను బడే ఎక్కనేదు. ఆ సంచీ ఇలగందియ్యి."

ఐదు నిమిషాలు చూశాను. అడగలేదు. మర్నాడూ అడగలేదు.

నాకు పుస్తకాల పిచ్చి. పూర్ణా మార్కెట్ పక్కన పాత పుస్తకాల బండి మీద లావుపాటి రబ్బరు పుస్తకం ఒకటి దొరికింది. మొదటి నలభై పేజీలు లేవు. అందుకని రబ్బరు గురించి నలభై ఒకటో పేజీ నుంచి నాకు తెలియనిది లేదు. డిక్షనరీ పక్కన పెట్టుకుని నాలుగేళ్ళు చదివాను. జేబులో పెన్నూ, చంకలో నోట్‌బుక్కూ చూసి మేస్త్రి నన్ను పంతులు అని పిలిచేవాడు. గౌరవంగానే అనుకునేవాణ్ణి.

నాలుగో ఏడాది చేపల రేవు నుంచి మరపడవల వాళ్ళ సంఘం వచ్చింది. ఇంజన్లకి డీజిల్ పైపులు కావాలి, రెండువందలు. బజార్లో కొన్నవి ఒక వేట కూడా నిలవడం లేదట. నడిసముద్రంలో పైపు చీలితే ఇంజను ఆగుతుంది. ఇంజను ఆగితే పడవ గాలి ఎటు తోస్తే అటే.

చిక్కేమిటంటే, రబ్బరు రెండు జాతులు. మా మిల్లు దగ్గర ఒకదాన్ని చెట్టు రబ్బరు అంటారు, రెండోదాన్ని మందు రబ్బరు అంటారు. చెట్టు రబ్బరు ఎంత వంచితే అంత వంగుతుంది, కాని డీజిల్ తగిలితే నానేసిన శనగల్లా ఉబ్బిపోతుంది. మందు రబ్బరు, పుస్తకంలో దాని పేరు నైట్రిల్, డీజిల్‌ని లెక్కచేయదు. కాని ఇంజను అదురుకి నాలుగు నెలలు వంగిందంటే పగుళ్ళిస్తుంది. రెంటినీ కలిపితే రెండు గుణాలూ వస్తాయి కదా అని ఎవరికైనా తోస్తుంది. అవి కలవవు. కలిసినట్టు కనిపిస్తాయి. ఒకే నలుపు, ఒకే మెరుపు. లోపల ఎవరి పొయ్యి వారిదే.

ఇందుకు పుస్తకంలో ఒక ఉపాయం ఉంది. ఇటు గుణం కొంత, అటు గుణం కొంత ఉన్న మూడో సరుకు ఒకటి వేస్తే, అది ఒక చెయ్యి వీడికీ ఒక చెయ్యి వాడికీ ఇచ్చి నిలబడుతుంది. దాని పేరు కంపాటిబిలైజర్. సంచీ వచ్చిన రోజున నేను ఆ పేరు మిల్లు దగ్గర మూడుసార్లు పలికాను, అవసరం లేకపోయినా.

మేస్త్రి రెండుసార్లు నోట్లో తిప్పి చూశాడు. రాలేదు. "ఇంతకీ ఏటి సేత్తాదది?" అన్నాడు.

చెప్పాను.

"పెళ్ళిళ్ళ పేరయ్యన్నమాట. దానికంత పేరెందుకు పంతులూ?"

ఆరోజు నుంచి ఫ్యాక్టరీలో అది పేరయ్యే. స్టోర్సు వాళ్ళు కూడా "పేరయ్య ఎన్ని కిలోలు?" అనేవారు. నా ఇంగ్లీషు మాట అలా అన్యాయంగా పోయింది.

రెండో ఉపాయం ఎలక్ట్రాన్ కిరణాలు. రబ్బరుని గంధకంతో కాల్చి గట్టిపరచడం పాత పద్ధతి. గంధకం పక్షపాతి. రెండు రబ్బర్లుంటే తనకి నచ్చినదాని వైపే పోతుంది. ఒకటి మాడుతుంది, ఒకటి పచ్చిగా ఉంటుంది. కిరణాలకా బుద్ధి లేదు. ఎండలాగా అందరి మీదా పడతాయి. ఊరి అవతల ఒక ప్లాంటులో పైపుల్ని కిరణాల కింద నుంచి పోనిస్తే, లోపలి పోగు పోగుకీ ముడి పడి బిగుసుకుంటుంది. మళ్ళీ విడదు.

విశ్వేశ్వరం గారు ఈ రెండు ఉపాయాలూ విన్నారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన కళ్ళజోడు తీస్తే మనిషి నచ్చినట్టు.

"ఇది కుదిరితే మిక్సింగ్ అంతా నీ చేతికిచ్చేస్తాను. సన్యాసికి వయసైపోతోంది. ఆయన చేతిలో ఉన్న పనంతా కాగితం మీదకి దించు. దించేశావంటే కాగితం చూసి ఎవడైనా నడుపుతాడు. ఆయన్ని ఇంటికి పంపేద్దాం."

"అలాగేనండీ" అన్నాను. గుండె గట్టిగా కొట్టుకుంది. మేస్త్రి మీద జాలి వల్లనే అనుకున్నాను.

మర్నాడు నోట్‌బుక్కుతో మిల్లు దగ్గరికి వెళ్ళాను. "మేస్త్రి గారూ, మీ దగ్గర పని నేర్చుకోమన్నారండీ బాబుగారు."

ఆయన రోలర్ మీది రబ్బరుని కత్తితో కోసి, మడిచి, మళ్ళీ సందులోకి తోశాడు. నా వైపు చూడలేదు.

"రాసుకోడానికి ఎన్నాళ్ళు పడతాది పంతులూ?"

"రెండు నెలలు" అన్నాను. అన్నాక గాని ఆయన అడిగింది తను ఇంకెన్నాళ్ళు ఉంటాడని అర్థం కాలేదు.

"అయితే బేగి రాయకు" అన్నాడు. నవ్వాడు కూడా. "ఇంటికాడ కూకుంటే మోకాళ్ళు పీకుతాయి. ఇక్కడ నిలబడితే పీకవు. ఎందుకో మరి."

తొందరగా రాయకు అన్నవాడు ఏమీ చెప్పడనుకున్నాను. చెప్పాడు. ఏదడిగితే అది చెప్పాడు. నా నోట్‌బుక్కులో మూడు గడులు గీసుకున్నాను: బరువు, వేడి, నిమిషాలు. చేతికి గడియారం. కన్ను దాని మీదే.

ముందు చెట్టు రబ్బరుని విడిగా నలిపేవాడు. తర్వాత మందు రబ్బరుని విడిగా. ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కేవాడు.

"ఏం చూస్తున్నారండీ?"

"పెళ్ళికొడుకు కర్రలాగ బిగిసి కూకుని, పెళ్ళికూతురు ఎన్నలాగుంటే పేరయ్య ఏటి సేత్తాడు? ఇద్దరూ ఒక మెత్తనకి రావాల. అప్పుడే ఆడు ఎల్లాల మద్దికి."

బాగా నవ్వాను. రాసుకోలేదు. సామెతలకి నా దగ్గర గడి లేదు.

సోమవారం ఆయన కలపడానికి ముప్ఫై ఒక్క నిమిషాలు పట్టింది. మంగళవారం పద్దెనిమిది. బుధవారం ఇరవై మూడు. రోజుకో తీరు.

"అదేంటండీ, నిన్నటికీ ఇవాళ్టికీ?"

"నిన్నటి ముద్ద ఎండకి ఉన్నాది. ఇయ్యాల్టిది గొడౌన్లో అడుగునున్నాది. పాలు తీసిన సెట్టు కూడా వేరేమో. సెయ్యెట్టి సూడు."

చెయ్యి పెట్టాను. రబ్బరులాగే ఉంది. మూడు రోజులూ కూడి, మూడుతో భాగించి, ఇరవై నాలుగు అని రాసుకున్నాను. అది ఏ రోజూ నిజం కాని లెక్క. సగటు గురించి హెచ్చరిక నా పుస్తకంలో ఉండే ఉంటుంది, ఆ మొదటి నలభై పేజీల్లో.

కలుపుతూ కలుపుతూ ఆయన మధ్యమధ్య షీటుని రోలర్ మీంచి పూర్తిగా తీసేసి, ఏదో చేసి, మళ్ళీ వేసేవాడు. ఎనిమిది సార్లో, పది సార్లో. అలా తీసి వేసే సమయాన్ని లెక్కలో కలపాలా వద్దా అన్నది నా సందేహం. ఆ తీసినప్పుడల్లా గడియారం వైపే చూస్తూ ఆలోచించేవాణ్ణి. ఒకటి రెండుసార్లు తలెత్తితే ఆయన నన్నే చూస్తున్నాడు. నేను రాసే శ్రద్ధ చూసి ముచ్చట పడుతున్నాడనుకున్నాను.

ఆయన చేతి మీద మొదట పది పైపులు చేసి కిరణాలకి పంపాం. తిరిగొచ్చాక వారం రోజులు డీజిల్‌లో ముంచి ఉంచాం. ఉబ్బలేదు. వంచి, మెలిపెట్టి, మంచం నవ్వారులా లాగి చూశాం. చెక్కుచెదరలేదు. విశ్వేశ్వరం గారు ఫ్యాక్టరీ అందరికీ స్వీట్లు పంచారు. "నీ ఫార్ములా బ్రహ్మాండమయ్యా" అని అందరి ముందూ నా భుజం తట్టారు.

"నాదేముందండీ, అంతా మేస్త్రి గారి చలవ" అన్నాను. అలా అంటే ఎవరూ నమ్మరని నాకు తెలుసు.

మేస్త్రి ఒక మూల నిలబడి టీ తాగుతున్నాడు.

నెల తిరక్కుండానే ఆయనకి శాలువా కప్పారు. అరటిపళ్ళూ, యాపిల్ పళ్ళూ ఒక గంపలో పెట్టి ఇచ్చారు. వెళ్ళేముందు ఆయన మిల్లు ఆపించి, పాత గుడ్డతో రోలర్లు రెండూ తుడిచాడు. ఇంటి దగ్గర గేదెని తుడిచినట్టు తుడిచాడు. గుడ్డ ఆరేసి, "పేరయ్యని తొందరపెట్టకు పంతులూ" అని చెప్పి, గంప నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి మిల్లు నాది.

జూన్ నెల మధ్యలో వేట నిషేధం ఎత్తేస్తారు. ఆ రోజుకి పడవలన్నీ ఇంజన్లు సిద్ధం చేసుకుని రేవులో కాచుకుని ఉంటాయి. అప్పటికి రెండువందల పైపులూ అందాలి. ముద్దకి ఇరవై నాలుగు నిమిషాల చొప్పున లెక్క వేస్తే తేదీ దాటిపోతోంది. పదిహేనుకి దించాను. పదిహేను గుండ్రంగా కూడా ఉంది.

మిల్లు నడిపే అప్పన్న కత్తి ఆపి రబ్బరు వైపు చూశాడు. "కలిసినట్టు నేదు బాబూ."

"కంటికి తెలిసేది కాదులే. మిగతాది కిరణాలు చూసుకుంటాయి."

ఆ వాక్యం నాకు చాలా నచ్చింది. సాయంత్రం విశ్వేశ్వరం గారితో కూడా అన్నాను.

కిరణాల నుంచి వచ్చిన సరుకులోంచి ముక్కలు కోసి సాగదీసే మిషను మీద పరీక్ష చేశాను. మేస్త్రి పైపుల కన్నా బలం నంబరు ఎక్కువే వచ్చింది. ఆ కాగితం లామినేషన్ చేయించాను.

నిషేధం ఎత్తేసే రోజుకి రెండు రోజుల ముందు, పొద్దున్న పదింటికి, ఒక సరంగు మా ఆఫీసులోకి వచ్చాడు. పడవ నడిపే మనిషి. చొక్కా, లుంగీ, మీసాలు, అన్నీ డీజిల్‌తో తడిసి ఉన్నాయి. రేవులోనే ఇంజను వేసి చూశాడట. పావుగంటలో పైపు నిలువునా చీలి ఒళ్ళంతా కొట్టిందట. చేతిలోని పైపు ముక్కని విశ్వేశ్వరం గారి బల్ల మీద పడేశాడు.

"ఏటండిది? మా ఇంజనుకి పైపడిగినామా, మడత కాజా అడిగినామా? సూడండి, పొర పొరా ఎలగొచ్చేత్తాందో!"

గోటితో లాగాడు. నిజంగానే పొరలొచ్చాయి. పీచు మిఠాయిలా విడివడింది.

"ఇక్కడ కాబట్టి స్నానం సేసి ఇంటికెల్తాను. అదే మూడు రోజుల దూరంలో అయితేనో? బీడీ ఎలిగించిన టైములో అయితేనో?"

విశ్వేశ్వరం గారు కళ్ళజోడు పెట్టుకున్నారు. సరంగుని బతిమాలి, అమర్చిన పైపులన్నీ ఆ పూటే తీయించేస్తానని చెప్పి పంపారు. తలుపు వేశాక నా వైపు తిరిగారు.

"మేస్త్రి చేసిన పది పైపులకి రాని రోగం నీ రెండువందలకీ ఎందుకొచ్చింది?"

ఫ్యాను తిరుగుతోంది. నా నోట్‌బుక్కు నా చేతిలోనే ఉంది. అందులో ఇరవై నాలుగు కొట్టేసి పదిహేను రాసి ఉంది, నా చేతివ్రాతతో.

"మేస్త్రి ఏదో దాచాడండి" అన్నాను.

అది అబద్ధమని అప్పటికి నాకు తెలియదు. నిజమనీ తెలియదు. చేతికి అందేంత దగ్గర్లో ఇంకో మాట లేదు.

"వెళ్ళి తీసుకురా. దాచింది చెప్పేస్తే పాతవన్నీ వదిలేద్దాం. మిల్లు మళ్ళీ ఆయన చేతిలోనే పెడదాం. నువ్వు కొన్నాళ్ళు ఆయన కింద ఉండు" అన్నారు.

మల్కాపురం కొండవాలులో మేస్త్రి ఇల్లు. స్కూటర్ చప్పుడుకి ఆయన భార్య బయటికొచ్చింది. నన్ను చూసి లోపలికి కేకేసింది.

"ఏటండీ! మిల్లు కాడి బాబు వొచ్చినాడు!" మళ్ళీ నాతో, గొంతు తగ్గించి, "రమ్మన్నారేటి బాబూ మళ్ళీ? నెలన్నర్నుంచీ రోజూ ఏడింటికి తయారై వాకిట్లో గట్టు మీద కూకుంటన్నాడు. ఎక్కడికీ ఎల్లడు. మిల్లు దిగే యేలయినాక లేచి లోపలికొచ్చెత్తాడు."

"బాబుగారు ఒకసారి రమ్మన్నారమ్మా" అన్నాను. అంతే అన్నాను.

మేస్త్రి బయటికొచ్చేసరికి ఉతికిన తెల్లచొక్కా విప్పేసి మిల్లు చొక్కా వేసుకున్నాడు. చాకిరేవులో ఎన్నిసార్లు బాదినా నల్లపొడి వదలని చొక్కా. స్కూటర్ వెనక ఎక్కి నా భుజం మీద చెయ్యి వేశాడు. మూడు వేళ్ళ బరువు తెలుస్తోంది.

"ఏ సరుకు నడుత్తాంది?" అన్నాడు దార్లో.

"పైపులేనండీ."

"కుదిరినాయా?"

రోడ్డు మీద గుంతలున్నాయి. వాటిని తప్పించే పనిలో ఉన్నట్టు ఊరుకున్నాను.

ఆఫీసు గదిలో విశ్వేశ్వరం గారు ఆయన్ని కూర్చోమనలేదు. మామూలుగా కూడా అనరు కాబట్టి మేస్త్రి అది పట్టించుకోలేదు. ఆయన చూపు బల్ల మీది పైపు ముక్క మీద ఉంది.

"సన్యాసీ, నిజం చెప్పు. పనిలో ఏం దాచావు?"

మేస్త్రి తలెత్తాడు. "దాసినానని ఎవులన్నారు బాబూ?"

విశ్వేశ్వరం గారి కళ్ళు నా వైపు వెళ్ళి వచ్చాయి. మేస్త్రి కూడా ఆ దారినే చూశాడు. అప్పుడు తెలిసింది ఆయనకి, తనని ఎందుకు పిలిచారో. మిల్లు చొక్కా గుండీ ఒకటి ఊడి ఉంటే దాన్ని పెట్టుకున్నాడు.

పైపు ముక్క తీసుకుని రెండు బొటనవేళ్ళతో అడ్డంగా లాగాడు. చీలింది. వాసన చూశాడు.

"కాగితం సదువు పంతులూ."

చదివాను. చెట్టు రబ్బరు ఇంత. మందు రబ్బరు ఇంత. నల్లపొడి ఇంత. పేరయ్య ఇంత. రోలర్ వేడి ఇంత. నిమిషాలు పదిహేను. పదిహేను దగ్గర నా గొంతు కొంచెం తగ్గింది.

"అయిపోనాదా?"

"అయిపోయిందండీ."

"అడ్డం తిప్పడం?"

"అంటే?" అన్నాను.

ఆయన విశ్వేశ్వరం గారికి చెప్పాడు, నాకు కాదు. "షీటు తీసిన పెతిసారీ అడ్డం తిప్పి ఏత్తాం బాబూ. ఒకే వైపు నడిపేత్తే పోగులన్నీ ఒక వైపే పోతాయి. నిలువునా లాగితే ఇనుమే. అడ్డంగా లాగితే గుడ్డ చిరిగినట్టు చిరిగిపోతాది."

పరీక్షకి నేను కోసిన ముక్కలన్నీ నిలువునా కోసినవే. అడ్డంగా ఒక్కటి కోసి చూసినా అక్కడే తేలిపోయేది. ఎందుకు కోయలేదంటే, నిలువునా కోస్తే నంబరు ఎక్కువ వస్తుంది.

"ఇంత ముఖ్యమైన సంగతి కుర్రాడికి ఎందుకు చెప్పలేదు?" అన్నారు విశ్వేశ్వరం గారు. కుర్రాడంటే నేను. అప్పటికి నాకు ముప్ఫై మూడేళ్ళు.

ఇక్కడ నేను మాట్లాడాలి. 'ఆయన నా కళ్ళ ముందే తిప్పాడండీ, రోజుకి పదిసార్లు తిప్పాడు, నేనే చూడలేదు' అనాలి. 'పదిహేను నిమిషాలు చేసింది నేనండీ' అనాలి. అవి పెద్ద మాటలు కావు. రెండూ కలిపినా ఒక ఊపిరిలో అయిపోతాయి. నోరు తెరిచాను కూడా. ఎదురుగా గ్లాసుతో నీళ్ళున్నాయి. తాగాను.

మేస్త్రి నేను నీళ్ళు తాగడం అయ్యేదాకా ఆగాడు.

"నిజమే బాబూ" అన్నాడు. "దాసినాను."

విశ్వేశ్వరం గారి మొహం ఎర్రబడింది. "ముప్ఫై నాలుగేళ్ళు అన్నం తిన్న చోట నీకీ బుద్ధెలా పుట్టింది సన్యాసీ? మిల్లు మళ్ళీ నీకే ఇద్దామనుకున్నాను. చీ. ఈ గేటు లోపల మళ్ళీ నీ మొహం చూపించకు."

మేస్త్రి దండం పెట్టి బయటికి వచ్చాడు.

గేటుకి వెళ్ళాలంటే మిల్లు షెడ్డులోంచే దారి. మిల్లు నడుస్తోంది. అప్పన్న ఆయన్ని చూసి కత్తి పక్కన పెట్టి నిలబడ్డాడు. నేను వెనకాలే పరుగెత్తాను.

"మేస్త్రి గారూ, అలా ఎందుకన్నారండీ? మీరు దాచలేదు కదా!"

"దాసినాన్రా" అన్నాడు. పంతులు అనలేదు. "నువ్వు గడియారం సూత్తన్నావు. ఇటు సూడ్రా అని ఒక్క మాట అనొచ్చును. సూడనీలే గడియారం, అనుకున్నాను. పెతి రోజూ అలగే అనుకున్నాను. ఇలగవుతాదని నాకు తెలీదేటి?"



పక్కనే వెనక్కొచ్చిన పైపుల గుట్ట ఉంది. ఆయన అందులోంచి జానెడు ముక్క తీసి రోలర్ల సందులో వేశాడు. మామూలు ముడిరబ్బరైతే ఎంత బండదైనా రెండు తిప్పుల్లో మెత్తబడి, రోలర్ని చుట్టుకుని, మళ్ళీ దేనితోనైనా కలుస్తుంది. ఇది చుట్టుకోలేదు. కరకరమంది. ముక్కలైంది. ఆ ముక్కల్ని ఏరి మళ్ళీ వేశాడు. రవ్వ అయింది. మళ్ళీ వేశాడు. పొడి అయి కింద రేకు మీద రాలింది. అంతే, ఎన్నిసార్లు వేసినా పొడే.

ఆ పొడి చిటికెడు తీసి నా అరచేతిలో పోశాడు. ఇంకా వెచ్చగా ఉంది.

"కిరణాలది తప్పేటీ నేదు. బాగానే బిగించినాయి" అన్నాడు. "కలవకముందే బిగిసిపోనాది."

చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. స్కూటర్ మీద దింపుతానన్నాను. వద్దన్నాడు. ఆ ఎండలో గేటు దాటి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఆయన కనుమరుగయ్యేదాకా నిలబడ్డాను. అరచేతిలో పొడి ఎక్కడ పారేయాలో తోచలేదు.

రెండువందల పైపులూ దేనికీ పనికిరాలేదు. మళ్ళీ కలపడానికి లేదు, కాల్చడానికి లేదు. గొయ్యి తీసి పూడ్చాం. పడవలు ఆ ఏడు పాత పైపులతోనే వేటకి వెళ్ళాయి. తర్వాతి సరుకు మేస్త్రి చెప్పినట్టు అడ్డం తిప్పి, ముద్దని బట్టి ఒకరోజు ముప్ఫై నిమిషాలూ ఒకరోజు ఇరవై నిమిషాలూ కలిపాం. కుదిరింది. ఆ పైపులు ఇప్పటికీ మా దగ్గరే కొంటారు. వాటికి నా పేరు పెట్టారు రేవులో. "పంతులు పైపు."

మేస్త్రి ఆ తర్వాత ఆరేళ్ళు బతికాడు. గట్టు మీద కూర్చోవడం మానేశాడని అప్పన్న చెప్పాడు. నేను రెండుసార్లు మల్కాపురం దాకా వెళ్ళి, ఆ వీధి మలుపులో టీ తాగి వచ్చేశాను. పోయినప్పుడు వెళ్ళాను. ఆయన భార్య నన్ను చూసి, "మీరు మంచోళ్ళు బాబూ, ఆయన్ని మీరైనా మరిసిపోనేదు" అని ఏడ్చింది.

విశ్వేశ్వరం గారు ఇంకా ఉన్నారు. ఎనభై దాటాయి. పెత్తనం కొడుకులది. దసరాకి మాత్రం తప్పకుండా వస్తారు. మిల్లుకి పసుపు రాయించి, బొట్లు పెట్టించి, కొబ్బరికాయ నా చేతికిస్తారు. "కొట్టవయ్యా, ఇది నీ మిల్లు" అంటారు. "ఆ సన్యాసి ఎంత పని చేశాడు, గుర్తుందా?" అని కూడా అంటారు, ప్రతి ఏడూ. గట్టిగా అడగరు. పక్కనే నిలబడి అడుగుతారు. మా ఇద్దరికీ తప్ప ఎవరికీ వినపడదు. ఇప్పుడాయనకి కోప్పడే ఓపిక కూడా లేదు.

"ఊఁ" అంటాను. కాయ కొడతాను. చిప్ప ఆయన చేతికిస్తాను.

దాచింది ఎవరో చెప్పడం నాకింకా రాలేదు.